పొగను గూర్చి మూడు ప్రభుత్వముల మాటలు

విద్యార్థులు భూపటమును విప్పి మలక్కా జలసంధిని చూతురు గాక. దానికి పడమట ఇండొనేషియాకు చెందిన సుమత్రా దీవియు, తూర్పున మలేషియాయు, దక్షిణపు కొనను సింగపూరును గలవు. సుమత్రాలో రియావు మొదలగు తావులందు పీటు అనబడు నేల విస్తారముగ నున్నది. ఆకులు, కొమ్మలు, వేళ్లు నీటిలో నాని, వేలకొలది యేండ్లు సగము మాత్రమే కుళ్లి యేర్పడిన నేల యిది. పామాయిలు తోటలకును, కాగితపు గుజ్జునకై పెంచు చెట్లకును కాలువలు త్రవ్వి ఆ నీటిని తీసివేయగా నేల యెండి వంటచెఱకువలె నగును. పొదలను నఱికించుటకంటె నిప్పుపెట్టుట చవుక. ఆ నిప్పు నేలలోనికి దిగి వారములకొలది రగులుచుండును. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు వీచు నైరృతి గాలి ఆ పొగను జలసంధి దాటించును.

ఇట్టి సమయమున ప్రభుత్వములు తమ ప్రజలతోడను, పొరుగువారితోడను ఎట్లు మాటలాడినవో తెలిసికొందము.

1997లో వచ్చిన పెద్ద పొగ తరువాత, యాత్రికులు రాక మానుదురను భయముచే, మలేషియా ప్రభుత్వము గాలి కాలుష్యపు అంకెలను కొన్ని సంవత్సరములు ప్రజలకు తెలుపలేదు. 2005 ఆగస్టులో పొగ మరల క్రమ్మగా ఆ గోప్యమును విడిచిరి. పోర్టు క్లాంగు, కువాలా సెలంగోరులందు సూచిక 500 దాటెను. ఆగస్టు 11న అచ్చట అత్యవసరస్థితి ప్రకటింపబడెను. అంకెలు దాచిన కాలమున గాలి శుభ్రపడలేదు. బిడ్డను వీధిలోనికి పంపవలెనా వలదా యని తేల్చుకొనుటకు తల్లికి ఆధారము మాత్రము లేకపోయెను.

సింగపూరు అంకెలు దాచలేదు. ఐనను చిక్కు తప్పలేదు. అచ్చటి సూచిక 100 దాటిన ఆరోగ్యమునకు చెఱుపు, 300 దాటిన అపాయకరము. 2013 జూన్ 21న మధ్యాహ్నము 12 గంటలకు అది 401కి చేరెను. అంతకుముందెన్నడు నంత లేదు. కాని యిది మూడు గంటల సగటు. ఆరోగ్యసూచనలో 24 గంటల సగటును బట్టి యిచ్చుచుండిరి. మా తరగతులలో సగటులు నేర్చిన బాలురకు దీనిలోని మెలిక తెలియును. వరుసగా మూడు గంటలు 100, 200, 300 అనుకొందము. సగటు 200. మూడవ గంటలో బాలుడు పీల్చునది 300! లెక్కలో తప్పు లేదు. ఐనను కిటికీనుండి చూచువారికి అది దాపరికమువలె తోచెను. తరువాతి సంవత్సరములలో సూక్ష్మధూళి కొలతను గంటగంటకు ప్రకటింపసాగిరి.

ఆ దినములలోనే మంత్రుల మాటలు ముదిరెను. ఏ దేశమునకు గాని, ఏ కంపెనీకి గాని తమ ప్రజల ఆరోగ్యమును చెఱచు హక్కు లేదని సింగపూరు పరిసరశాఖ మంత్రి వివియన్ బాలకృష్ణన్ పలికెను. ఏ భూమి యే కంపెనీ చేతిలో నున్నదో తెలుపు పటములను బయటపెట్టుమని ఆ ప్రభుత్వము కోరెను. సింగపూరు చిన్నపిల్లవలె అల్లరి చేయరాదని ఇండొనేషియా మంత్రి ఆగుంగ్ లక్సోనో బదులిచ్చెను. ఆ తోటలలో కొన్ని సింగపూరు, మలేషియా కంపెనీలవేయని మఱికొందఱు అధికారులు చెప్పిరి. ఈ కడపటి మాటలో విచారింపదగిన విషయము గలదని మా యభిప్రాయము. చిన్నపిల్లయను మాటలో నేమున్నది?

జూన్ 23న మలేషియాలోని మూవారులో సూచిక 746కు చేరి, అచ్చట అత్యవసరస్థితి ప్రకటింపబడెను. మఱునాడు ఇండొనేషియా అధ్యక్షుడు సుసిలో బంబాంగ్ యుధోయోనో పొరుగు దేశములను క్షమాపణ వేడి, తన యధికారులు కొన్ని మాటలు పలుకవలసినది కాదనియు చెప్పెను. స్వదేశమున కొందఱు దీనిని నిందించిరి. మేమైతే ఆ నాలుగు దినములలో వినబడిన మాటలన్నిటిలో నిదియే ధైర్యముగల మాటయందుము.

పొగ నివారణకై ఆగ్నేయాసియా దేశములు 2002లోనే ఒడంబడిక చేసికొన్నవి. దానిని ఇండొనేషియా శాసనసభ 2014 సెప్టెంబరులో ఆమోదించెను. ఆ యేడే సింగపూరు, పరదేశమున నిప్పుపెట్టి తన గాలిని చెఱచు కంపెనీలను సయితము శిక్షించు చట్టము చేసెను.

2015 మార్చిలో ఇండొనేషియా ఉపాధ్యక్షుడు జుసుఫ్ కల్లా, పొరుగువారు పదునొకండు నెలలు తమ మంచిగాలిని అనుభవించియు కృతజ్ఞత తెలుపలేదనియు, ఒక నెల పొగకే కలత చెందుచున్నారనియు ఆక్షేపించెను. ఆ యేట మంటలకు దాదాపు 26 లక్షల హెక్టారులు కాలెను. సెప్టెంబరు 25న సింగపూరులో బడులు మూసిరి. బోర్నియోలోని ఇండొనేషియా పట్టణమగు పలంగ్కరాయలో సూచిక వేయి దాటెను.