షెడ్డులో లైట్లు మసకబారితే బ్యాటరీ కొనే ముందు ఇవి చూడండి

ఈ వారం పాఠం మేత గురించి కాదు, రోగాల గురించీ కాదు. కరెంటు లైను రాని తోటలో షెడ్డు కట్టుకుని, సోలార్ మీద లైట్లు, ఫ్యాను నడుపుకునే మనలాంటి వాళ్ల కోసం. ఇక్కడ చెప్పేదంతా ఒక ప్యానెలు, ఒక మామూలు యాసిడ్ బ్యాటరీ ఉన్న 12 వోల్టుల సెట్టుకే. 230 వోల్టుల ఇన్వర్టర్ ఉన్నా, ప్యానెళ్లు వరుసగా కలిపి ఉన్నా చెయ్యి పెట్టొద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ముందు మాకు జరిగింది చెప్తాం. వానాకాలం పంట. నాలుగో జ్వరం లేచి మూడో రోజు. పురుగు గబగబా తినే సమయం, పడకలో తేమ ఎక్కువ. సాయంత్రం లైట్లు వేస్తే మసక, ఫ్యాను ఈడ్చుకుంటా తిరుగుతోంది. బ్యాటరీ చచ్చిందనుకుని మర్నాడే అప్పు చేసి కొత్తది తెచ్చాం. రాత్రి మళ్లీ అదే మసక! గాలి ఆడక పడకలు తడిసిపోయాయి, తర్వాత సున్నకట్టు కనబడింది. పంటలో కొంత పోయింది, బ్యాటరీ డబ్బూ దండగ.

చివరికి తప్పు దొరికింది ఫ్యూజు హోల్డరులో. లోపల రాగికి పచ్చగా చిలుము పట్టింది. పంటకు ముందు షెడ్డు కడిగే బ్లీచింగ్ పౌడరు లోహాన్ని తినేస్తుంది, షెడ్డు తేమ దానికి తోడు. మామూలు ఇంట్లో ఏళ్లు నిలిచే జాయింటు మన దగ్గర తొందరగా పాడయ్యేది అందుకే.

చూడాల్సిన వరుస ఇది. ఒక మల్టీమీటరు చాలు, డీసీ 20 దగ్గర పెట్టండి. ప్యానెలుకు మాత్రం దానికి పైన ఉన్న రేంజి.

1. బ్యాటరీ: పొద్దు మునిగాక అన్నీ ఆపి, రెండు మూడు గంటలు ఆగి కొలవండి. 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.1, 12.2 ఉంటే సగం. 11.8 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ.

2. ప్యానెలు: బ్యాటరీ రోజూ ఖాళీగానే ఉంటే, మధ్యాహ్నం ఎండలో ప్యానెలు తీగలు కంట్రోలరు నుంచి ఊడదీసి కొలవండి. 20 వోల్టులకు అటూ ఇటూ రావాలి. సున్నా వస్తే తీగ తెగింది, లేదా ఎలుక కొరికింది.

3. జాయింట్లు: బ్యాటరీ బాగున్నా లైటు మసకగా ఉంటే తప్పు దారిలో ఉంది. లైట్లు, ఫ్యాను అన్నీ వేసే ఉంచండి, ఆపితే తప్పు కనబడదు. మీటరు ఒక ముల్లు జాయింటుకు ఇటు, ఇంకొకటి అటు పెట్టండి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు వచ్చినా ఆ జాయింటు పాడే. మా ఫ్యూజు దగ్గర 2 వోల్టులు చూపించింది. 5 ఆంపియర్ల లోడుకు అంటే 10 వాట్లు అక్కడే వేడిగా మారుతున్నాయి. హోల్డరు ప్లాస్టిక్కు మెత్తబడింది. పక్కనే ఎండు చంద్రికలు ఉన్నాయి. నిప్పు అంటుకోకపోవడం మా అదృష్టం.

4. తీగ: 12 వోల్టులకు దూరం శత్రువు. బ్యాటరీ నుంచి షెడ్డుకు 30 మీటర్లుండి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే, 5 ఆంపియర్లకు మూడున్నర వోల్టులు దారిలోనే పోతాయి. లావు తీగ వేయండి, లేదా బ్యాటరీని షెడ్డు దగ్గరికి తీసుకురండి.

బాగుచేసేటప్పుడు ముందు లోడు ఆపండి, తర్వాత ప్యానెలు తీగ తీయండి, చివర బ్యాటరీ, అందులో మైనస్ ముందు. తిరిగి కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెలు. చేతి ఉంగరం తీసేయండి, స్పానరు పిడికి టేపు చుట్టండి. చిలుము గీకి, గట్టిగా బిగించి, పైన వాసెలిన్ రాయండి. ఫ్యూజు పోతే తీగ ముక్క చుట్టడం మాత్రం వద్దు.

బ్యాటరీని పురుగుల గదిలో పెట్టకండి, బయట గాలి ఆడే చోట పెట్టండి. బ్లీచింగు నీళ్లు బ్యాటరీ యాసిడ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది. కడిగే రోజు స్విచ్చులు, ఫ్యూజులకు ప్లాస్టిక్ కవరు కట్టండి, తర్వాత జాయింట్లు పొడి బట్టతో తుడవండి.

పంటకూ పంటకూ మధ్య షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడే ఒక పూట దీనికి కేటాయించండి. పురుగు ఆకు తినే రాత్రి టార్చి పట్టుకుని తీగలు వెతికే పని మాకు ఒకసారి చాలు, మీకు వద్దు.