కారుకు వ్యాక్స్ పూసే ముందు: చేయవలసినవి – చేయకూడనివి

కొమరోలు నుంచి గిద్దలూరు, మార్కాపురం, పోరుమామిళ్ల వైపు తిరిగే కార్లకు పట్టే దుమ్ములో ఇసుక, పలకరాతి పొడి కలిసి ఉంటాయి. వాటిలోని క్వార్ట్జ్ రేణువులు పెయింటు కన్నా ఎంతో గట్టివి. పెయింటును కాపాడే క్లియర్ కోట్ మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే మామూలు తెల్లకాగితం మందంలో సగం. అది అరిగితే తిరిగి రాదు. వ్యాక్స్ మురికిని తీయదు, కింద ఏముంటే దాన్నే కప్పేస్తుంది. కాబట్టి కొత్త పూత వేసే ముందు ఈ సూచనలు తప్పక పాటించండి.

చేయవలసినవి

• ఉదయం ఎండ ఎక్కకముందే పని మొదలుపెట్టండి.

• కారును నీడలో, చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం తీసి దగ్గర పెట్టుకోండి.

• బానెట్ మీద అరచేయి వెనుక భాగం ఆనించి చూడండి. వేడి తగిలితే చల్లారేదాకా ఆగండి.

• ఉంగరాలు, గాజులు, గడియారం, బెల్టు తీసేయండి. పెయింటుకు తగిలితే గీతలు పడతాయి.

• కారుకు కొత్తగా పెయింటు వేయించి ఉంటే, ఎన్నాళ్లు ఆగాలో షెడ్డువాళ్లను అడగండి. చాలా పెయింట్లు పూర్తిగా ఆరడానికి 30 నుంచి 90 రోజులు పడుతుంది.

• మొదట ఉత్త నీళ్లు పోసి దుమ్మును జారనివ్వండి. ఈ దశలో గుడ్డ ముట్టుకోకండి.

• రాత్రిపూట నల్లమల ఘాట్ దాటి వచ్చిన కారు ముందు భాగాన పురుగులు అంటుకుని ఉంటే, తడిగుడ్డ కప్పి 10 నిమిషాలు నాననివ్వండి.

• పిట్టల రెట్టలను కూడా ఇలాగే నానబెట్టి తీయండి. వాటిలోని ఆమ్లం పెయింటును తింటుంది.

• రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదానిలో గుడ్డ జాడించడానికి ఉత్త నీళ్లు.

• పైకప్పుతో మొదలుపెట్టి కిందికి రండి; బంపర్ల కింది భాగం చివర కడగండి.

• చక్రాలకు వేరే గుడ్డ, వేరే బకెట్ వాడండి. బ్రేకుల ఇనుప రజను పెయింటును గీకుతుంది.

• బోరు నీళ్లతో కడిగితే ఒక్కో భాగాన్ని ఆరకముందే తుడవండి. ఆరితే ఉప్పు తెల్లగా పేరుకుంటుంది.

• ఆఖరి తడుపుకు 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ ఒకటి ఉంచుకోండి. ఆ నీళ్లలో లవణాలు తక్కువ.

• పాత ఉప్పు మరకలకు తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి అద్ది, నిమిషం లోపు కడిగేయండి.

• తారు చుక్కలకు కార్ల కోసం అమ్మే తారు రిమూవరే వాడండి. తర్వాత ఆ చోటును మళ్లీ షాంపూతో కడగండి.

• గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు రైల్వే స్టేషన్ల దగ్గర రోజూ నిలిపే కారుకు ఇనుప రజను తీసే ద్రావణం చల్లండి. ఊదారంగుకు తిరగగానే బాగా కడగండి.

• రసాయనాలు వాడేటప్పుడు రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి.

• కడిగి తుడిచాక చేతికి పలుచని పాలిథిన్ కవరు తొడుక్కుని పెయింటు మీద మెల్లగా జరపండి. ఒట్టి చేతికి తెలియని గరుకు అప్పుడు తెలుస్తుంది.

• గరుకు తగిలిన చోట షాంపూ నీళ్లు చల్లి, క్లే బార్‌ను (అంటిన మురికిని లాగే బంకమట్టిలాంటి ముద్ద) బరువు వేయకుండా నిలువుగా, అడ్డంగా జరపండి.

• క్లే బార్‌కు మురికి అంటగానే మడిచి, శుభ్రమైన వైపు పైకి తెచ్చుకోండి.

• ఏ ద్రావణాన్నైనా ముందు కనపడని మూల అరచేతి మేర పూసి చూడండి.

• నల్ల ప్లాస్టిక్, రబ్బరు అంచులకు మాస్కింగ్ టేపు అంటించండి. వ్యాక్స్ మరక పడితే వదలదు.

• తలుపుల సందుల్లో, అద్దాల కింద నిలిచిన నీళ్లు పూర్తిగా తీశాకే వ్యాక్స్ డబ్బా తెరవండి.

• కడిగిన కారును రోడ్డెక్కించే ముందు నెమ్మదిగా నడిపి రెండు మూడు సార్లు బ్రేకు నొక్కి చూడండి. తడిసిన బ్రేకులు సరిగా పట్టవు.

చేయకూడనివి

• పొడి దుమ్మును గుడ్డతో గానీ కుచ్చు బ్రష్షుతో గానీ తుడవకండి. గీతల్లో ఎక్కువ భాగం ఇలాగే పడతాయి.

• బట్టల పొడి, గిన్నెల లిక్విడ్ వాడకండి.

• తారు తీయడానికి కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ వాడకండి. పెయింటు పోతుంది, నిప్పంటుకుంటుంది.

• తెల్ల మరకల మీద బాత్రూం యాసిడ్ పోయకండి; పెయింటు, చర్మం రెండూ కాలతాయి.

• రెట్టలను, పురుగులను గోటితో, బ్లేడుతో, పీచుతో గీకకండి.

• గుండీలు, కుట్లు ఉన్న పాత చొక్కాలు, ముతక తువ్వాళ్లు వాడకండి.

• ప్రెషర్ గన్‌ను అడుగున్నర కన్నా దగ్గరికి తేకండి. పెచ్చులూడిన పెయింటు ఇంకా లేస్తుంది.

• ఆర్.ఓ. ప్లాంటు వదిలేసే నీళ్లతో కారు కడగకండి. అందులో ఉప్పు మరింత చిక్కగా ఉంటుంది.

• నేల మీద పడిన క్లే బార్‌ను మళ్లీ వాడకండి. కడిగినా ఇసుక పోదు.

• క్లే బార్‌ను పొడి పెయింటు మీద రుద్దకండి.

• వ్యాక్స్ వేసిన ప్రతిసారీ రబ్బింగ్ కాంపౌండ్ పట్టించకండి; ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత అరుగుతుంది.

• అంచుల మీద, మడతల మీద పాలిషింగ్ మెషిన్ ఆపి ఉంచకండి. అక్కడ పూత పలుచన.

• మ్యాట్ పెయింటుకు మెరుపు వ్యాక్స్ పూయకండి.

• మెషిన్ వైరు కొనలను పుల్లలతో సాకెట్‌లో గుచ్చకండి. మూడు పిన్నుల ప్లగ్గే వాడండి.

• తడి చేతులతో, ఒట్టి కాళ్లతో మెషిన్ పట్టుకోకండి.

• తలుపులు మూసిన షెడ్డులో ద్రావణాలు వాడకండి. దగ్గరలో బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల వెలిగించకండి.

• ఒక రసాయనంలో మరొకటి కలపకండి. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే విషవాయువు పుడుతుంది.

• మిగిలిన ద్రావణాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచకండి, పిల్లలు తాగుతారు.

• పశువుల తొట్టి దగ్గర, తాగునీటి బావి, కుళాయి పక్కన కారు కడగకండి.

• రసాయనం కలిపిన బకెట్‌ను గేదెలకు, మేకలకు అందేలా వదలకండి.

• ముందు అద్దానికి, బ్రేకు డిస్కులకు, టైర్లకు వ్యాక్స్ తగలనివ్వకండి. చూపు మసకబారుతుంది, పట్టు తప్పుతుంది.

• కంట్లో రసాయనం పడితే నలపకండి. 15 నిమిషాలు పారే మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

• ఎవరైనా ద్రావణం మింగితే వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ సీసాను ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి.