వింతకథకు ఇంటివరుస

నెల్లూరు నుండి మైపాడు సముద్రతీరమునకు పోవు దారిలో ఇందుకూరుపేట కలదు. దారికి ఇరువైపుల వరిమళ్లు. తూర్పునకు పోయినకొలది ఇసుకనేల, బకింగ్‌హాము కాలువ, దానికి ఆవల బంగాళాఖాతము. ఇట్టి సీమలో పెరిగిన పిల్లలకు పాట యనగా సంగీతసభ గుర్తునకు రాదు. నాట్లువేయు స్త్రీలు నడుమునొప్పి మఱచుటకు పాడుకొన్నది పాట. అందఱి చేతులును ఒక్కసారిగా బిగియుటకు వల లాగువారు ఎత్తుకొన్నది పాట. ఉయ్యాలలోని బిడ్డకు నిద్ర పట్టుటకు తల్లి కూనిరాగముగా తీసినది పాట. మోటారు పడవలును, నాటు యంత్రములును వచ్చిన పిదప వీనిలో చాల భాగము నోట వినరాకున్నది. అయినను అవ్వల జ్ఞాపకములో ఇంకను కొంత మిగిలియున్నది.

ఈ పాఠము పనిపాటలను గూర్చినది మాత్రము కాదు. మాయలు, మంత్రములు, రాకాసులు, మాటలాడు చిలుకలు గల కథలు మీకందఱకును ప్రియమైనవే కదా! ఆ కథలలోని మనుష్యులు సంతోషము కలిగినప్పుడు పాడుదురు. దుఃఖము కలిగినప్పుడును పాడుదురు. కథ వ్రాసినవాడు పాటకు మాటలు మాత్రమే వ్రాయగలడు. పుస్తకపు పుటలో రాగము వినరాదు. మఱి ఎన్నడును లేని దేశములో, ఎన్నడును పుట్టని మనిషి పాడిన పాటను మనము ఏ రాగమున పాడవలెను? ఇదియే ఇచటి ప్రశ్న.

పాట నడచు తీరునకు మన పల్లెలలో ‘వరుస’ యని పేరు. నాటకములవారు దీనినే ‘మట్టు’ అందురు. నేడు ‘బాణీ’ యను మాట ఎక్కువ వ్యాప్తిలో నున్నది. మనము పాతమాటనే వాడుకొందము.

తెలుగువారి వింతకథలలో బాలనాగమ్మ కథ మిక్కిలి పేరుగన్నది. బాలనాగమ్మ రాజపుత్రిక. ఆమె భర్త కార్యవర్ధిరాజు ఊరలేని సమయమున మాయల ఫకీరు బిచ్చగాని వేషమున వాకిట నిలిచెను. భిక్ష వేయుటకు ఆమె గీత దాటి వచ్చెను. వెంటనే ఆమెను కుక్కగా మార్చి వాడు తన వెంట దీసికొని పోయెను. ఉయ్యాలలోని పసిబిడ్డ ఉయ్యాలలోనే యుండిపోయెను. ఆ బిడ్డ బాలవర్ధిరాజు. పెరిగి పెద్దవాడై అతడు తల్లిని వెదకుచు పోయెను. పూలమ్ము అవ్వ యింట మనుమని వలె చేరెను. ఫకీరు ప్రాణము ఏడు సముద్రముల కావల నొక చిలుకలో దాగియున్నదని తెలిసికొని ఆ చిలుకను పట్టి తెచ్చెను. కథ ఇంతియే. కాని బుర్రకథగా చెప్పిన యెడల ఇది తెల్లవాఱువఱకు నడవగలదు.

బుర్రకథలో నడుమ నిలుచువాడు కథకుడు. అతని భుజమున తంబుర, చేతివ్రేళ్లకు అందెలు ఉండును. ఇరుప్రక్కల నిలుచు వంతలు డక్కీలు వాయించుచు ‘తందాన’ యని వంత పాడుదురు. అందుచేతనే దీనికి తందానకథ యనియు పేరు కలిగెను. వంతలలో ఒకడు లోకజ్ఞానము చెప్పును, ఇంకొకడు హాస్యము చెప్పును. ఇరువదవ శతాబ్దమున ఈ కళకు మిక్కిలి ప్రఖ్యాతి తెచ్చిన షేక్ నాజర్‌కు 1986లో ‘పద్మశ్రీ’ పురస్కారము లభించినది.

ఇప్పుడు కథకుని పని యెంత కష్టమో ఆలోచింపుడు. మనిషి కుక్కగా మారుటను శ్రోతలలో నెవ్వరును చూడలేదు. చిలుకలో ప్రాణము దాచినవానిని చూడలేదు. ఏడు సముద్రములు దాటినవాడు ఆ గుంపులో లేడు. ఐనను వారు నమ్మవలెను, నమ్మకున్నచో లేచిపోవుదురు. నేర్పరియైన కథకుడు ఇచట వింతరాగము వెదకడు. బిడ్డను విడిచిపోవు బాలనాగమ్మ విలాపమునకు ఊరిలోని తల్లులకు తెలిసిన జోలపాట వరుసనే యెత్తుకొనును. ఆ వరుస చెవిని బడగానే ముందు వరుసలో కూర్చున్న తల్లి తన యొడిలోని బిడ్డను దగ్గఱకు తీసికొనును. కుక్కగా మారుట నిజమా కాదా యని ఆమె ఇక అడుగదు. కథ యెంత దూరదేశపుదైన, వరుస అంత దగ్గఱిదై యుండవలెను. ఇదియే ఆ కథకుని రహస్యము.

దీనిని మీరే పరీక్షించి చూడవచ్చును. ఈ పాఠముకొఱకై కూర్చిన రెండు పాదములు ఇవి:

ఏడు నదులు దాటి వచ్చి
గూడు వెదకి వాలె చిలుక

మీరు ఛందస్సులో మాత్రలు లెక్కించుట నేర్చియున్నారు. లెక్కింపుడు. ‘ఏడు’ మూడు మాత్రలు, ‘నదులు’ మూడు, ‘దాటి’ మూడు, ‘వచ్చి’ మూడు. రెండవ పాదమును అట్లే. ప్రతి మూడు మాత్రలకును ఒక్కొక్క దెబ్బ వేయుచు, మెల్లగా పాడుడు. ఉయ్యాల ముందునకు పోయి వెనుకకు వచ్చినట్లు తోచును. ఇది త్రిశ్రగతి. జోలపాటలు పెక్కు ఈ నడకలోనే సాగును. ఈ వరుసలో చిలుక పాట నిద్రపాట యగును.

ఇక అవే మాటలను ‘ఏడూ నదులూ దాటీ వచ్చీ’ యని తుది యక్షరములు సాగదీసి పాడుడు. ప్రతి మాటయు నాలుగు మాత్రలైనది. దెబ్బ గట్టిగా వేయుడు. ఇప్పుడది త్రాడు లాగువారి పాట. ఒక్కొక్క దెబ్బకు వల ఒక్కొక్క మూర యొడ్డునకు వచ్చును. చిలుకకు అలసట తెలియుచున్నది, నదులు వెడల్పైనవి.

మూడవ తీరు మఱియొకటి. ‘ఏడు నదులూ దాటి వచ్చీ, గూడు వెదకీ వాలె చిలుకా’. ఒక మాట మూడు మాత్రలు, తరువాతి మాట నాలుగు. రెండును కలిసి ఏడు. ఇది మిశ్రగతి, వృషభగతి రగడ నడక యిదియే, గురజాడ అప్పారావు 1910లో ప్రకటించిన ముత్యాలసరముల నడకయు నిదియే. దీనిలో ఒక తొట్రుపాటు వంటి తొందర కలదు. కథను వడిగా నడుపవలసిన చోట ఇది చక్కగా నమరును. మాటలు మారలేదు, అర్థము మారలేదు. కాని నిదురించు చిలుక ఒకటి, అలసిన చిలుక యొకటి, తఱుమబడిన చిలుక యొకటి, మూడు చిలుకలు పుట్టినవి. వరుస పాటకు తొడిగిన అలంకారము కాదనియు, కథలో సగము వరుసయే చెప్పుననియు దీనివలన తెలియుచున్నది.

ఈ యుపాయము తెలుగుదేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున భాషాచార్యుడుగా నుండిన టోల్కీన్ (1892–1973) యను పండితుడు ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను పెద్ద వింతకథను వ్రాసెను. అది 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడెను. అందలి దేశము, పర్వతములు, జాతులు, కొన్ని భాషలు కూడ ఆయన కల్పించినవే. కథలో పాటలు పెక్కు కలవు. వానిలో ఒకటి రాకాసిని గూర్చిన హాస్యపు పాట. తోటమాలియైన శామ్ దానిని పాడును. 1952లో, గ్రంథము అచ్చుకాక మునుపే, టోల్కీన్ తన మిత్రుని యింట ధ్వనిముద్రణ యంత్రము ముందు కూర్చుండి ఆ పాటను స్వయముగా పాడెను. క్రొత్త దేశమును, క్రొత్త భాషలను సృష్టించిన ఆ మహానుభావుడు క్రొత్త రాగమును మాత్రము సృష్టింపలేదు. చలికాలపు రాత్రి బాతు నెత్తుకొనిపోవు నక్కను గూర్చి ఇంగ్లండు పల్లెపిల్లలు పాడుకొను పాత జానపద గేయపు వరుసలోనే ఆ రాకాసి పాటను పాడెను. శామ్ పల్లెవాడు; పల్లెవాని నోట పల్లె వరుస వచ్చుటయే న్యాయము కదా!

తరువాత డొనాల్డ్ స్వాన్ అను సంగీతకారుడు ఆ కథలోని కొన్ని పాటలకు పియానోపై పాడదగిన స్వరములు కూర్చి 1967లో ప్రకటించెను. వానిలో ఒక పాటకు మాత్రము టోల్కీన్ స్వయముగా, పురాతన క్రైస్తవ ప్రార్థనాగానమును బోలిన వరుసను కూనిరాగముగా తీసి వినిపింపగా స్వాన్ దానినే గ్రహించెను. డెన్మార్కు దేశపు గాయకబృంద మొకటి 1997 మొదలు 2005 వఱకు ఆ గ్రంథములోని పాటలన్నిటికిని సంగీతము కూర్చి ధ్వనిముద్రికలు వెలువరించెను. ఇవన్నియు శ్రద్ధతో చేసినవే. కాని పండితుల కూర్పులకంటె నక్కపాట వరుసలోనే శామ్ నిజముగా మన యెదుట నిలుచునని నా యభిప్రాయము.

మన దేశమునకు మఱల వత్తము. మధిర సుబ్బన్నదీక్షితులు వ్రాసిన ‘కాశీమజిలీ కథలు’ తెలుగు పిల్లలను తరతరములుగా అలరించిన వింతకథల గని. కాశికి పోవుచు మణిసిద్ధుడను యతి తన వెంట వచ్చు గొల్లపిల్లవానికి మజిలీ మజిలీకి ఒక్కొక్క కథ చెప్పును. ఈ కథలనుండి ప్రేరణ పొంది కె. వి. రెడ్డి దర్శకత్వమున ‘పాతాళభైరవి’ చలనచిత్రము 1951లో వెలువడెను. పాటలు పింగళి నాగేంద్రరావు వ్రాసెను. సంగీతము ఘంటసాల వేంకటేశ్వరరావు కూర్చెను. ఘంటసాల చిన్నతనమున తండ్రి వెంట భజనలకు పోయి తరంగములకు ఆడినవాడు. పిదప విజయనగరపు సంగీత కళాశాలలో శాస్త్రము నభ్యసించినవాడు. ఆ రెండు చదువులును ఆయన బాణీలలో కనబడును. బాలనాగమ్మ కథయు జెమినీవారి చిత్రముగా 1942లో వచ్చినది. అందు ఫకీరు ‘మాయల మరాఠీ’ యయ్యెను. ఆ వేషము ధరించిన గోవిందరాజుల సుబ్బారావును జూచి పిల్లలు జడిసిరని పెద్దలు నేటికిని చెప్పుకొందురు.

చలనచిత్రము కథకు ఒక మేలు చేసినది, ఒక కీడును చేసినది. వరుసను శాశ్వతముగా నిలిపినది, ఇది మేలు. ఒకే వరుసను నిలిపినది, ఇది కీడు. నెల్లూరి కథకుడు ఒక తీరునను, పాలమూరి కథకుడు ఇంకొక తీరునను పాడుచుండిన చోట, అందఱును తెరపై విన్నదానినే పాడజొచ్చిరి. ఈ మధ్య కొన్ని ప్రదర్శనములలో మాయ జరుగు ఘట్టము రాగానే యంత్రవాద్యములతో వింతధ్వనులు వినిపించుచున్నారు. వింతకు వింత తోడైనచో శ్రోత బయటనే నిలిచిపోవును. పాత కథకుడు ఈ సంగతి యెఱిగినవాడు.

అచ్చుపుస్తకముల సంగతి ఇంకను విచారింపదగినది. తిరునాళ్లలో తక్కువ వెలకు అమ్ముడుపోయిన పాటల పుస్తకములలో మాటలు మాత్రమే యుండెడివి. కొన్నిటియందు పాటకు పైన ‘ఫలాన పాట వరుస’ యని ఒక పంక్తి కనబడును. ఆ కాలమువారికి అది చాలును. ఆ ఫలాన పాట అందఱకును తెలిసినదే. కాని నేడు ఆ ఫలాన పాటయే యెవ్వరికిని తెలియకపోయిన నేమగును? తాళము మన చేతిలో నున్నది, తాళపుచెవి పోయినది. మాటలు ఒక్కటియు చెడక, అక్షరదోషము లేక, పుటలో నిలిచియుండియు ఆ పాట పోయినదే యగును.

పండితులు ఈ సంపదను కాపాడుటకు పాటుపడకపోలేదు. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు జానపద గేయసాహిత్యముపై పరిశోధన చేసి గొప్ప గ్రంథము వ్రాసెను. మాటల విషయమున అది మిక్కిలి యుపకరించెను. వరుసల విషయమున వింజమూరి అనసూయాదేవి చేసిన పని వేఱు తీరుది. ఆమె తన సోదరి సీతాదేవితో కూడి జానపద గేయములను సభలలోను, ఆకాశవాణిలోను పాడెను; పాడుటతో ఆగక ఆ గేయములను స్వరసహితముగా పుస్తకములలో ప్రకటించెను. ఆమె 2019లో అమెరికాలోని హ్యూస్టను నగరమున మరణించెను. స్వరములు చదువనేర్చినవాడు ఆమె పుస్తకము తెఱచి, హార్మోనియముపై ఆ పాట వరుసను మఱల పలికింపగలడు. వినినవా రందఱును పోయినను ఇది సాధ్యము.

స్వరములు వ్రాయుట మీకు రాకపోవచ్చును. దానికొఱకు ఆగనక్కఱలేదు. మీ యింటనో, ప్రక్క యింటనో ఉన్న అవ్వను అడుగుడు. ‘పాట చెప్పవ్వా’ యని యడిగిన ఆమె మాటలు చెప్పి యూరకుండును. ‘పాడవ్వా’ యని యడుగుడు. ఆమె పాడునప్పుడు చేతిఫోనులో ధ్వనిని నింపికొనుడు. ఏ యూరిలో నేర్చెనో, ఏ పని చేయుచు పాడెనో, ఏ మాటకడ చేయి తట్టెనో ప్రక్కన వ్రాసికొనుడు. గొంతు వణకినదని ఆమె మఱియొకసారి పాడబోయినచో రెండింటిని ఉంచుడు. పిదప మీకు నచ్చిన వింతకథ నొకదానిని తీసికొని, అందలి చిలుకకో, రాకాసికో, దారితప్పిన రాజకుమారునకో ఆ వరుసలో రెండు పాదములు కూర్చి తరగతిలో పాడుడు. అవ్వ వరుస మూడు మాత్రలదైనచో మూడు మాత్రల మాటలే వెదకుడు. ‘ఏడు’ తగును, ‘సముద్రము’ తగదు.