ధ్రువాల మీది ఆకాశం - దారి చూపే ఉపగ్రహాలు

 వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాసి ఇమ్మని వార్డెన్ గారు అడిగారు. మాలో ఒకరు బడిలో ఫిజిక్సు చెబుతారు, ఇద్దరు భూముల సర్వే పని చేస్తారు. మా పనిలో ఎదురైన ఒక సందేహం మమ్మల్ని ఉత్తర ధ్రువం దాకా చదివించింది. దాన్నే ఇక్కడ పాఠంగా చెబుతున్నాం.

ఒక మార్చి నెలలో ఒక పల్లెలో ఎకరం పొలానికి హద్దులు కొలుస్తున్నాం. పొద్దు గూకింది. చివరి రాయి ఒక్కటే మిగిలింది. అంతవరకు సెంటీమీటర్ల తేడాతో చోటు చూపిన రోవర్ ఒక్కసారిగా మొరాయించింది. బ్యాటరీ నిండుగా ఉంది, చెట్టు అడ్డం లేదు. గట్టు మీద కూర్చున్న పెద్దమ్మ "నా గట్టు ఎటు జరుపుతున్నారు నాయనా?" అంది. ఆమెకు ఉన్నది ఆ ఎకరమే. రాయి పాతకుండా వెనక్కి వచ్చి, మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. అప్పుడు రోవర్ సరిగ్గా పనిచేసింది. రాత్రికి రాత్రి ఏం మారింది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే ఆకాశంలోని అయనావరణం దగ్గర ఆగాం.

అయనావరణం అంటే ఏమిటి?

సూర్యుని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పైనున్న గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడగొడతాయి. అలా విడిపోయిన ఎలక్ట్రాన్లు, అయాన్లు ఉండే పొరే అయనావరణం. ఇది సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున మొదలై వెయ్యి కిలోమీటర్ల దాకా ఉంటుంది. 300 కిలోమీటర్లకు అటూ ఇటూ ఎలక్ట్రాన్లు బాగా చిక్కగా ఉంటాయి. ఇలాంటి పొర ఉండాలని 1902లో కెనెల్లీ, హెవిసైడ్ ఊహించారు. 1924లో ఆపిల్టన్ ప్రయోగం చేసి నిరూపించాడు. అందుకు ఆయనకు 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే 1947లో కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర రాసిన 'ది అప్పర్ అట్మాస్ఫియర్' అనే గ్రంథం ప్రపంచమంతటా చదివారు.

దూరం లెక్క ఎలా తప్పుతుంది?

జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి సిగ్నల్ మన చేతికి రావడానికి సెకనులో 15వ వంతు పడుతుంది. ఆ కాలాన్ని కాంతి వేగంతో హెచ్చిస్తే దూరం వస్తుంది. ఇలా కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనం ఎక్కడున్నామో తేలుతుంది. సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా లెక్క 300 మీటర్లు తప్పుతుంది.

అయనావరణంలో ఎలక్ట్రాన్లు ఎంత ఎక్కువుంటే సిగ్నల్ అంత ఆలస్యమవుతుంది. చదరపు మీటరు వైశాల్యమున్న ఒక గొట్టం ఉపగ్రహం నుంచి మన దాకా ఉందనుకోండి. అందులో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో లెక్కపెడతారు. ఒకటి పక్కన 16 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య ఒక యూనిట్. ఒక్కో యూనిట్‌కు 1575.42 మెగాహెర్ట్జ్ సిగ్నల్ (ఎల్1) దూరంలో సుమారు 16 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. 50 యూనిట్లుంటే 8 మీటర్లు.

దీనికి విరుగుడు ఉంది. ఆలస్యం పౌనఃపున్యం వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. 1227.60 మెగాహెర్ట్జ్ మీద వచ్చే రెండో సిగ్నల్ (ఎల్2) 1.65 రెట్లు ఎక్కువ ఆలస్యమవుతుంది. మొదటిదానికి 8 మీటర్లయితే రెండోదానికి 13.2 మీటర్లు. రిసీవర్‌కు తెలిసేది రెంటి తేడా 5.2 మీటర్లు మాత్రమే. దాన్ని 0.65తో భాగిస్తే మళ్ళీ 8 వస్తుంది. ఆ తప్పును తీసేస్తే సరి.

కానీ అయనావరణం ఎప్పుడూ నున్నగా ఉండదు. ఎలక్ట్రాన్లు గడ్డలు గడ్డలుగా చేరితే సిగ్నల్ చెదిరి, నక్షత్రం మినుకుమన్నట్టు మినుకుతుంది. దీన్నే సింటిలేషన్ అంటారు. మినుకు పెరిగితే సిగ్నల్ మీద రిసీవర్ పట్టు జారిపోతుంది. సిగ్నలే తెగిపోతే ఇక రెండు పౌనఃపున్యాలతో లెక్క ఎలా వేస్తాం?

ధ్రువాల దగ్గరే ఎందుకు?

భూమి అయస్కాంత బలరేఖలు ధ్రువాల దగ్గర ఇంచుమించు నిట్టనిలువుగా ఉంటాయి. సూర్యుని నుంచి వచ్చే కణాలకు అవి దారి ఇస్తాయి. ఆ కణాలు గాలిని తాకినచోట అరోరా కాంతులు పుడతాయి, ఎలక్ట్రాన్లు పెరుగుతాయి. ఇంకో సంగతి: పగటివైపు చిక్కటి ప్లాస్మా ముక్కలు ముక్కలుగా తెగి, ధ్రువం మీదుగా రాత్రివైపు కొట్టుకుపోతుంది. ఒక్కో ముక్క వందల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. సెకనుకు వందల మీటర్ల వేగంతో కదులుతుంది. దాని అంచుల్లో సిగ్నల్ చెదురుతుంది.

పైగా జి.పి.ఎస్. ఉపగ్రహాల కక్ష్య వాలు 55 డిగ్రీలే. కాబట్టి సరిగ్గా ధ్రువం మీద నిలబడినవాడికి అవి 45 డిగ్రీల కన్నా పెద్దగా పైకి రావు. సిగ్నల్ ఏటవాలుగా, పొరలో ఎక్కువ దూరం ప్రయాణించి రావాలి.

ఎలా కనిపెడతారు?

నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో న్యూ ఆలెసుండ్ అనే చిన్న ఊరుంది. దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఒకప్పుడు అది బొగ్గుగనుల ఊరు. 1962లో జరిగిన గని ప్రమాదంలో 21 మంది కార్మికులు చనిపోయాక గనులు మూసేశారు. ఇప్పుడది పరిశోధకుల ఊరు. 2008లో మన దేశం తన ఆర్కిటిక్ కేంద్రం 'హిమాద్రి'ని అక్కడే తెరిచింది. చలికాలంలో అక్కడ మధ్యాహ్నం కూడా చీకటే. అందుకే పగటిపూట వచ్చే అరోరాను సైతం అక్కడ చూడవచ్చు.

అక్కడ ఇటలీ శాస్త్రవేత్తలు 2003 నుంచి ప్రత్యేక రిసీవర్లతో మినుకులను నమోదు చేస్తున్నారు. ఇలాంటి రిసీవర్ సిగ్నల్ బలాన్ని, దశను సెకనుకు 50 సార్లు రాసుకుంటుంది. నిమిషానికోసారి రెండు సూచికలు లెక్కిస్తుంది. బలం ఎంత ఊగిందో చెప్పేది ఎస్4. దశ ఎంత ఊగిందో చెప్పేది సిగ్మా ఫై. ధ్రువాల దగ్గర ఎక్కువగా ఊగేది దశ. కెనడా ఉత్తర భాగంలో కూడా ఇలాంటి కేంద్రాల వరస ఉంది. దక్షిణాన అంటార్కిటికాలో మన మైత్రి, భారతి కేంద్రాలు పైవాతావరణాన్ని పరిశీలిస్తున్నాయి.

ఎవరికి అవసరం?

మంచుగడ్డల మధ్య నడిచే ఓడకు, తెల్లటి నేల మీద దిగే హెలికాప్టరుకు అవసరం. అయస్కాంత ధ్రువం దగ్గర దిక్సూచిని నమ్మలేం. తప్పులు సవరించి పంపే భూస్థిర ఉపగ్రహాలు ధ్రువం నుంచి కనిపించవు. 2021 జనవరిలో మహిళా పైలట్లే నడిపిన ఎయిరిండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు చేరింది. అలాంటి విమానాల కోసమే 2019 నవంబరు నుంచి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏర్పాటుతో అంతరిక్ష వాతావరణ హెచ్చరికలు వెలువడుతున్నాయి. 2003 అక్టోబరు తుఫానులో అమెరికాలో విమానాలకు ఎత్తు చూపే ఉపగ్రహ సేవ ఒకరోజు 15 గంటలు, మర్నాడు 11 గంటలు అందలేదు. 2024 మేలో వచ్చిన తుఫానుకు అక్కడి రైతుల ట్రాక్టర్లు విత్తే సాలు తప్పాయి. అదే రాత్రి మన లడాఖ్‌లోని హన్లేలో ఎర్రటి వెలుగు కెమెరాలకు చిక్కింది.

మన సంగతి

మినుకులు బాగా ఉండేవి రెండుచోట్ల: ధ్రువాల దగ్గర, భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో. మనది రెండో ప్రాంతం. ఇక్కడ పొద్దు గూకాక, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు అటూ ఇటూ నెలల్లో, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్ళలో మినుకులు ఎక్కువ. పెద్దమ్మ పొలం దగ్గర మా రోవర్‌కు పట్టిన పీడ ఇదే అయివుండాలి. మన విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి దగ్గర గాదంకి రాడార్ కేంద్రం ఈ పొరను పరిశోధించిన చోట్లే.

తమ్ముళ్ళూ! స్టడీ అవర్లో వర్గం, విలోమానుపాతం వల్లె వేస్తూ "ఇవి ఎందుకురా" అని మేమూ విసుక్కున్నవాళ్ళమే. ఆ లెక్కే ఓడకు దారి చూపుతుంది, పేదరాలి గట్టును నిలబెడుతుంది. యంత్రం చూపిందల్లా నిజం అనుకోకండి. సందేహం వస్తే ఆగండి, మర్నాడు మళ్ళీ కొలవండి. హిమాద్రిలో రిసీవర్ ముందు కూర్చునే ఉద్యోగానికీ మీరు చదివే పదో తరగతి ఫిజిక్సే మొదటి మెట్టు.

స్టడీ అవర్లో ఆలోచించండి

1. 30 యూనిట్ల ఎలక్ట్రాన్లు ఉంటే ఎల్1 దూరంలో ఎంత తప్పు వస్తుంది?
2. రెండు సిగ్నళ్ళ తేడా 2.6 మీటర్లయితే ఎల్1 తప్పు ఎంత?
3. ధ్రువం మీద జి.పి.ఎస్. ఉపగ్రహం నడినెత్తికి ఎందుకు రాదు? గ్లోబు మీద దారం చుట్టి చూడండి.