పాఠం కన్నా ముందు మెట్టు: కొత్త ఎస్జీటీలకు కొన్ని సూచనలు

తెలంగాణలో 2024 డీఎస్సీతో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీతో వేలమంది కొత్తగా టీచరు కొలువుల్లో చేరారు. ఎస్జీటీలుగా వెళ్లినవాళ్లలో చాలామందికి దక్కేది ఇద్దరు టీచర్లుండే ప్రాథమిక పాఠశాలే. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు. అంటే ఒక్కో గదిలో రెండు మూడు తరగతులు కలిసి కూర్చుంటాయి. డీఈడీలో మనం రాసిన పాఠ్య ప్రణాళికలన్నీ ఒక గది, ఒక తరగతి, ఒక పాఠం అనుకుని రాసినవి. ఆ కాగితానికీ ఈ గదికీ పొంతన లేదని మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

అప్పుడు కొందరు పుస్తకాన్నే నమ్ముకుని పేజీలు తిప్పేస్తారు. ఇంకొందరు కొత్తగా ఏదో చేయాలన్న ఉత్సాహంతో రాత్రిళ్లు కూర్చుని రంగు చార్టులు తయారు చేస్తారు, ఆటలూ పాటలూ మొదలుపెడతారు. ఈ రెండో దారి సరదాగా ఉంటుంది గానీ, దసరా సెలవులు వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. బోధనా పద్ధతి మార్చడమంటే సామగ్రి మార్చడం కాదు. ఏ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో కనుక్కుని, రోజులో ఒక గంటను ఆ మెట్టు నుంచి నడపడం. అది చేయగలిగితే చార్టు లేకపోయినా పాఠం నడుస్తుంది.

మొదటి వారం: ఎవరు ఎక్కడున్నారు?

చేరిన వారంలోనే ఒక్కొక్క పిల్లను విడిగా పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. ఒక కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని తేలిక మాటలు, నాలుగు వాక్యాల పేరా, పది వాక్యాల చిన్న కథ రాసి పెట్టుకోండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి దేశమంతా తిరిగి చేస్తున్న అసర్ సర్వేలో వాడేది దాదాపు ఇలాంటి కాగితమే. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. లెక్కలకు కూడా ఇంతే: అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు, తీసివేత, భాగహారం.

ఒక జాగ్రత్త. గుణింతం చార్టు గడగడా చదివే పిల్లను చూసి చదువు వచ్చనుకోకండి. వరస కంఠతా వచ్చినంత మాత్రాన అక్షరం వచ్చినట్టు కాదు. వరస తప్పించి ‘కో’ మీద, ‘పె’ మీద వేలు పెట్టి అడగండి. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది. ఐదో తరగతిలో కూడా మాటల దగ్గరే ఆగిన పిల్లలు కనిపిస్తారు. కంగారు పడకండి, వాళ్లను నలుగురిలో ఏమీ అనకండి. పేరు, తేదీ, మెట్టు రాసుకోండి. ఏడాది పొడుగునా మీకు అన్నిటికన్నా పనికొచ్చే రిజిస్టరు ఇదే.

ఒక గంట కేటాయించండి

రోజంతా మార్చేయాలని చూడకండి. ఒక్క గంట చాలు, కానీ అది టైంటేబుల్లో ఉండాలి. దీనికి గట్టి రుజువు ఉంది. చదువును పిల్లల మెట్టు నుంచి నడిపే పద్ధతిని ప్రథమ్ అనేక రాష్ట్రాల్లో ప్రభుత్వ టీచర్లతో చేయించింది, అర్థశాస్త్రవేత్తలు ఫలితాలు కొలిచారు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్లలో ఉన్నారు. ఉత్తరాఖండ్‌లో టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి మామూలు బడి వేళల్లో వాడుకోమన్నారు. పిల్లల చదువులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. హర్యానాలో 2012-13లో రోజూ ఒక గంటను దీనికే కేటాయించి, తరగతుల గోడ తీసేసి పిల్లల్ని మెట్ల వారీగా కూర్చోబెట్టారు. పైనుంచి వచ్చి చూసి సాయం చేసేవాళ్లనూ పెట్టారు. పిల్లల చదవడం మెరుగుపడింది. కాబట్టి తీరిక దొరికితే చేద్దామనుకున్న పని జరగదు. మీ హెచ్ఎంతో, తోటి టీచరుతో మాట్లాడి ఆ గంటను ఖాయం చేసుకోండి. ఇద్దరూ ఒకే వేళ ఒప్పుకుంటే మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని కలిపి పంచుకోవచ్చు.

ఆ గంట నడిచే తీరు

మొదటి పది నిమిషాలు అందరూ కలిసి: మీరొక కథ చదివి వినిపించండి, దాని మీద మాట్లాడించండి. తర్వాత ఇరవై నిమిషాల చొప్పున రెండు విడతలు. ఒక విడతలో ఒక జట్టు మీ దగ్గర కూర్చుంటుంది, ఇంకో జట్టు సొంతంగా పని చేస్తుంది, మూడో జట్టు జంటలుగా ఒకరికొకరు చదివి వినిపించుకుంటారు. చివరి పది నిమిషాల్లో జట్టుకొకరు లేచి ఆ రోజు చేసినది చూపించాలి. రోజూ మీ దగ్గర కూర్చోవాల్సింది బాగా వెనకబడ్డ జట్టు. మిగిలిన రెండూ రోజు విడిచి రోజు వస్తే చాలు.

మీ దగ్గర లేని జట్లకు చేతినిండా పని ఉండాలి. బహుళ తరగతి బోధన దెబ్బతినేది సాధారణంగా ఇక్కడే. దీని మీద అందరికన్నా లోతుగా ఆలోచించినవాళ్లు మన మదనపల్లె దగ్గరే ఉన్నారు. రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లె బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు ఒక పద్ధతి రూపొందించారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని ఒక నిచ్చెన మీద మెట్లుగా అమర్చారు. ప్రతి మెట్టులోనూ పరిచయం చేసే కార్డులు, సాధన చేయించేవి, పరీక్షించేవి, రాని పిల్లకు మళ్లీ నేర్పేవి, వచ్చిన పిల్లకు ఇంకాస్త ఇచ్చేవి ఉంటాయి. కార్డు మీది గుర్తు చూసి ఏ జట్టులో కూర్చోవాలో పిల్లలే తెలుసుకుంటారు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో గోడ మీది నిచ్చెనే చెబుతుంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు దీన్ని అందిపుచ్చుకున్నాయి. 2007-08 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ పాకింది.

అన్ని కార్డులూ మీరొక్కరే చేయలేరు, చేయాలని చూడకండి. నెలకు ఒక మెట్టుకు సరిపడా పది కార్డులు చాలు. పాత నోటుపుస్తకాల అట్టలు వాడండి. కాంప్లెక్స్ మీటింగులో నలుగురు టీచర్లు పంచుకుంటే ఏడాదిలో పెట్టె నిండుతుంది.

జట్లకు ఎ, బి, సి అని పేర్లు పెట్టకండి, ‘డల్’ అన్న మాట గదిలోకి రానివ్వకండి. గోదావరి, కృష్ణ, పెన్న అని పిలవండి. నెలకోసారి మళ్లీ చదివించి జట్లు మార్చండి. ఏడాదంతా ఒకే జట్టులో ఉండిపోయిన పిల్ల తన చోటు ఇంతేనని నమ్మేస్తుంది.

తెలుగుకు ఆరు అక్షరాలు

అక్షరాల దగ్గర ఆగిన జట్టుకు వర్ణమాల మొదటి నుంచి మళ్లీ దిద్దించకండి. రెండేళ్లుగా దిద్దినదే అది. త, ల, క, ప, గ, డ అనే ఆరు అక్షరాలను అట్టముక్కల మీద రెండేసి చొప్పున రాసి వాళ్ల ముందు పెట్టండి. ‘తల’ పేర్చి చూపించి, ఇంకేం మాటలొస్తాయో చూడమనండి. కల, పలక, పడక, గడప వస్తాయి. ఎవరో ఒకరు ‘కడప’ పేరుస్తారు. ‘తలగడ’ దొరికిన రోజు ఆ జట్టు సంబరం చూడాలి. పేర్చిన ప్రతి మాటా పలక మీద రాయాలి, పైకి చదవాలి. తర్వాత దీర్ఘం, కొమ్ము రాసిన ముక్కలు కలపండి: తాత, పాప, పాక, పాలు, కాలు, తాడు. ఈ ముక్కలతోనే పిల్లలు గుణింతం పని ఏమిటో గ్రహిస్తారు.

మాటల మెట్టు దాటిన వాళ్ల చేత వాక్యం చెప్పించండి. ‘మా తాత పాక కప్పాడు’ అని పిల్ల అంటే అదే మాట బోర్డు మీద రాయండి. తను చెప్పిన మాట కాబట్టి చదవగలుగుతుంది. ‘ప్పా’ దగ్గర ఆగితే అదే ఆ రోజు వత్తుల పాఠం.

లెక్కలకు చీపురు పుల్లలు

42లోంచి 17 తీసేయమంటే చాలామంది మూడో తరగతి పిల్లలు 35 అని రాస్తారు. ఇంటూ గుర్తు పెట్టి పుస్తకం వెనక్కి ఇవ్వకండి. ‘ఎలా చేశావో చెప్పు’ అని అడగండి. ‘ఏడులోంచి రెండు పోతే ఐదు సార్, నాలుగులోంచి ఒకటి పోతే మూడు’ అంటాడు. పెద్దదాన్లోంచి చిన్నది తీయాలని మనం చెప్పిన సూత్రాన్నే వాడు నమ్మకంగా పాటించాడు. వాడికి తెలియనిది ఆ 4 అంటే నాలుగు పదులని.

పదేసి చీపురు పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టండి. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి చేతికిచ్చి, ‘నాకు పదిహేడు ఇవ్వు’ అనండి. ఒక కట్ట ఇస్తాడు. ఏడు పుల్లలు కావాలి, రెండే ఉన్నాయి. అక్కడ మీరు మాట్లాడకుండా ఆగండి. కాసేపటికి వాడే ఒక కట్ట విప్పుతాడు. విడి పుల్లలు పన్నెండయ్యాయి. ఏడు ఇచ్చాక మిగిలినవి రెండు కట్టలు, ఐదు పుల్లలు: 25. ఇప్పుడు బోర్డు మీద అదే లెక్క వేసి, నాలుగును కొట్టి మూడు రాయడమంటే కట్ట విప్పడమేనని వాడిచేతే చెప్పించండి. మర్నాడు 61 నుంచి 34. పుల్లలతో, తర్వాత నోటుబుక్కులో గీతలతో, ఆ తర్వాత ఉత్త అంకెలతో చేయించండి. పుల్లల నుంచి అంకెల దాకా తీసుకురాకుండా వదిలేస్తే అది ఆటగానే మిగిలిపోతుంది.

ఇంటి భాష

అరకు, ఉట్నూరు, భద్రాచలం వైపు పోస్టింగు వస్తే, మీ గదిలో పిల్లలు ఇంట్లో కువి, గోండి, కోయ మాట్లాడేవాళ్లు కావచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టి ఆ భాషల్లో పుస్తకాలు కూడా తెచ్చారు. మీ బడిలో అవి ఉంటే బయటికి తీయండి. లేకపోతే కూర్చో, చెప్పు, ఎన్ని, ఆకలి, నొప్పి లాంటి మాటలు పిల్లల దగ్గరే నేర్చుకోండి. టీచరు తమ మాట నేర్చుకుంటున్నారంటే పిల్లల నోరు తెరుచుకుంటుంది.

ఇంగ్లిష్ మీడియం బడుల్లోనూ సూత్రం అదే. ఒకవైపు తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ ఇచ్చారు. విషయం ముందు తెలుగులో అర్థం కానివ్వండి, ఆ తర్వాత ఎదుటి పేజీకి వెళ్లండి. అర్థం కాని వాక్యాన్ని కోరస్‌గా చదివిస్తే గొంతులు తప్ప ఏమీ అరగవు.

హైస్కూల్లో చేరినవాళ్లకు

స్కూల్ అసిస్టెంట్లకు సిలబస్ ఒత్తిడి ఎక్కువ. మీకు జిగ్‌సా పద్ధతి బాగా పనికొస్తుంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లలు ఒక గదిలో ఎడమొహం పెడమొహంగా ఉన్నప్పుడు మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్సన్ దీన్ని మొదలుపెట్టాడు. సోషల్ పాఠాన్ని ఐదు ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక ముక్క ఇస్తారు. ఒకే ముక్క అందినవాళ్లు జట్టుకొకరు చొప్పున ఒకచోట చేరి బాగా నేర్చుకుని, తిరిగి వెళ్లి సొంత జట్టుకు చెబుతారు. ప్రతి పిల్ల మాటా మిగతావాళ్లకు అవసరమే కాబట్టి వెనక బెంచీ అంటూ మిగలదు.

ఇంట్లో వీడియో చూసి రమ్మనే పద్ధతి మాత్రం ఆలోచించి వాడండి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్నతో పాటు పనికి వెళ్లిపోతే, ఆ పిల్ల పాఠం మొదలవకముందే వెనకబడుతుంది.

అధికారులు, తల్లిదండ్రులు

‘సిలబస్ ఎప్పుడు పూర్తి చేస్తారు?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరు విధులు చెబుతుంది. సిలబస్ పూర్తి చేయడంతో పాటు ప్రతి పిల్ల సామర్థ్యాన్ని అంచనా వేసి అవసరమైన అదనపు బోధన చేయడం కూడా అందులో ఉంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. తెలంగాణ 2022లో తెచ్చిన తొలిమెట్టు కూడా ఇదే కోరుతుంది. అంటే మీరు చేస్తున్నది శాఖ అడిగిన పనే. వాదన పెట్టుకోకండి, రిజిస్టరు చూపించండి. జూన్‌లో అక్షరాల దగ్గరున్న పిల్లలు అక్టోబరులో ఎక్కడున్నారో తేదీలతో సహా అందులో ఉంటుంది. మిగిలిన పీరియడ్లలో పుస్తకం యథావిధిగా నడపండి.

తల్లిదండ్రులు నోటుబుక్కు చూస్తారు. ఖాళీగా ఉంటే ‘బళ్లో ఆడిస్తున్నారట’ అన్న మాట ఊళ్లో పాకుతుంది. అందుకని ఆ గంటలో పేర్చిన మాటలు, చేసిన లెక్కలు రోజూ ఒక పేజీ రాయించండి. నెలకోసారి ఓ సాయంత్రం తల్లుల్ని పిలిచి, వాళ్ల ముందే పిల్లల చేత చదివించండి, పుల్లలతో లెక్క చేయించండి. రిషివ్యాలీ పల్లె బడుల వాళ్లు మెట్రిక్ మేళాలు పెట్టి, ఊరివాళ్ల బరువులూ ఎత్తులూ పిల్లల చేత కొలిపించేది ఇందుకే. పిల్ల లెక్క ఊరికి పనికొస్తుందని అందరికీ కంటికి కనిపించాలి.

మూడు నెలలు

ఏ పద్ధతి మొదలుపెట్టినా మూడు నెలలు వదలకండి. మొదటి రెండు వారాలు గోలగానే ఉంటుంది. ఎక్కడ కూర్చోవాలో, ముక్కలు ఎక్కడ తీసి ఎక్కడ పెట్టాలో పిల్లలకు అలవాటయ్యేదాకా అది మామూలే. మూడు నెలలయ్యాక రిజిస్టరు తీసి రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. చాలా పేర్లు పైమెట్టుకు వెళ్లి ఉంటాయి. కొన్ని కదిలి ఉండవు. ఆ పేర్లను ఎర్ర సిరాతో విడిగా రాసుకుని ఒక్కొక్కరి సంగతీ కనుక్కోండి: కళ్లు సరిగా కనిపిస్తున్నాయా, చెవి వినిపిస్తోందా, బడికి రోజూ వస్తోందా, ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నారు? జవాబు దొరికిన మర్నాడే ఆ పిల్లకు సరిపోయే పాఠం మొదలుపెట్టండి.