రాళ్ల నడుమ గాలము

జహీరాబాదు సముద్రమునకు మిక్కిలి దూరమున నున్న పట్టణము. అది దక్కను పీఠభూమిమీద, హైదరాబాదు నుండి ముంబయికి పోవు రాజమార్గమున, ఎఱ్ఱనేలల నడుమ వెలసినది. చుట్టును చెఱకు, కంది, అల్లము, ఆలుగడ్డ పండు పొలములు. వాని మధ్య చిల్లులు పడిన ఎఱ్ఱరాతి నేలలు, అక్కడక్కడ నల్లని బండలు. వేసవిలో ఈ ప్రాంతమును చూచినవానికి ఇచట చేపలు పట్టువారుందురన్న తలంపే కలుగదు. కాని తొలకరి వానలు కురిసి, వాగులు పాఱి, చెఱువులు నిండిన తరువాత గాలపుకఱ్ఱ చేతబట్టి, కదలక మెదలక గట్టున కూర్చున్న మనుష్యులు తఱచుగా కనబడుదురు.

ఈ ప్రాంతపు నీటి వనరులలో రెండు ముఖ్యమైనవి. జహీరాబాదు చెంత పాఱు నారింజ వాగు మొదటిది. దానికి కొత్తూరు వద్ద ఆనకట్ట కట్టిరి. ఆ నీరు కర్ణాటకములోనికి సాగి తుదకు మంజీరలో కలియును. రెండవది మంజీరానదియే. అది మహారాష్ట్రమునందలి బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు సీమ మీదుగా వచ్చి, జహీరాబాదునకు ఉత్తరమున నున్న న్యాల్కల్ ప్రాంతమును తాకి, సింగూరు జలాశయమును నింపును. పిమ్మట ఉత్తరమునకు తిరిగి, నిజామాబాదు జిల్లాలోని కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. సింగూరు జలాశయమున సుమారు 30 టి.యం.సి.ల నీరు పట్టును.

ఈ నీళ్ల అడుగు అంతటను మెత్తగా ఉండదు. ఒకచోట బండలు పరచుకొని యుండును; ఒకచోట గుండ్లు దొర్లి యుండును; ఒకచోట మునిగిన చెట్ల మోళ్లు, తుంగ, నాచు అల్లుకొని యుండును. వలవేయువాడు ఇట్టి చోటును చూచి ప్రక్కకు తొలగిపోవును. ఏలయన, వల రాతికి తగిలి చినుగును. గాలము వేయువాడు మాత్రము వెదకికొని అచటికే పోవును. ఏలయన, కొరమీను అచటనే ఉండును.

కొరమీను తెలుగువారికి చిరపరిచితమైన చేప. తెలంగాణ ప్రభుత్వము 2016లో దీనిని రాష్ట్రపు చేపగా ప్రకటించినది. దాని తల పాముతలవలె చదునుగా నుండును. దేహము గుండ్రముగా, పొడవుగా, నల్లని చారలతో నుండును. నోరు పెద్దది; పండ్లు వాడియైనవి. ఇతర చేపలవలె అది మొప్పలతోనే బ్రతుకజాలదు. తలలో మొప్పలకు పైగా నున్న ప్రత్యేకమైన గదులలో గాలిని నింపుకొనుటకై అది మాటిమాటికిని నీటిపైకి రావలెను. పైకి రానీయకుండ నీటి అడుగుననే నిర్బంధించినచో, చేపయై యుండియు నీటిలోనే ఊపిరాడక చచ్చును. ఈ గుణమే దానికి మేలును చేయును, కీడును చేయును. వేసవిలో చెఱువు ఇంకిపోవునపుడు తడిబురదలో దాగి, గాలి పీల్చుచు వానలకై ఎదురుచూడగలదు. తడినేలమీద ప్రాకి ఒక మడుగు నుండి మఱియొక మడుగునకు చేరగలదు. కాని గాలికొఱకు పైకి వచ్చినపుడు నీటిపై చిన్న వలయము పుట్టును. ఆ వలయమును చూచి గాలమువాడు దాని చోటు కనిపెట్టును.

రాళ్లన్నచో ఈ చేపకు ఇంత మక్కువ ఏల? కొరమీను తఱుముకొని పోయి వేటాడు జంతువు కాదు. పొంచియుండి దుముకు జంతువు. రాతి సందున నీడ కలదు. నీడలో దాని నల్లని చారలు కానరావు. రాతికి నాచు పట్టును. నాచును పురుగులు చేరును. పురుగులకై చిన్నచేపలును, రొయ్యలును, కప్పలును వచ్చును. వానికై కొరమీను కాచుకొని యుండును. ప్రవాహము వడిగా నున్న చోట పెద్దరాతి వెనుక నీరు నెమ్మదించును; అచట నిలుచుటకు చేపకు శ్రమ యుండదు. కావున రాయి దానికి ఇల్లు, కోట, భోజనశాల కూడ.

ఇది వాగులకు మాత్రమే చెందిన ధర్మము కాదు. సముద్రము కొండలను తాకు విశాఖపట్టణము, భీమునిపట్టణము తీరములందును బండలపై నిలిచి గాలము వేయువారు కలరు. గోదావరి, కృష్ణా నదులు సముద్రమున కలియు చోట్ల పండుగప్ప అను పెద్దచేప మునిగిన మోళ్ల చాటున, రాళ్ల చాటున పొంచియుండి చిన్నచేపలను పట్టును. ఐర్లండు, ఇంగ్లండు దేశముల తీరములందు దీనిని పోలిన బాస్ అను వెండివన్నె చేప కలదు. అలలు విఱిగి తెల్లని నురుగు లేచు రాతినేలలపైకి అది ఆహారమునకై వచ్చును. అచటి గాలమువారును నునుపైన ఇసుకను విడిచి, అట్టి రాతినేలలను వెదకికొని పోవుట కలదు. నీరు వేఱు, చేప వేఱు, దేశము వేఱు. పాఠము మాత్రము ఒక్కటే.

అయితే చేపకు కోటయైన రాయి గాలమునకు శత్రువు. గాలము రాతి సందున చిక్కినచో దారము తెగును. అనుభవజ్ఞులు దీనికొక ఉపాయము కనిపెట్టిరి. గాలమును నీటి అడుగునకు దింపు సీసపు గుండును గట్టి దారముతో కట్టరు. సన్నని దారముతో కట్టుదురు. గుండు రాళ్లలో చిక్కినపుడు ఆ సన్నదారము మాత్రమే తెగును. గాలమును, దానికి పడిన చేపయు దక్కును. కొరమీనుకై గాలము వేయునపుడు చాలమంది గుండునే కట్టక, బెండును కట్టి ఎఱను రాళ్లకు పైగా, నాచు అంచున తేలునట్లు చేయుదురు. వానపాము గాని, చిన్నచేప గాని, కప్ప గాని ఎఱయగును.

గాలమునకంటె నడక ముఖ్యము. గట్టుపై అడుగుల చప్పుడు నీటిలోనికి ప్రాకును. మనిషి నీడ నీటిపై పడినచో చేప లోపలికి జాఱుకొనును. కావున ఎఱుక గలవాడు ఎండకు ఎదురుగా నిలిచి, నీడ వెనుకకు పడునట్లు చూచుకొనును, మెల్లగా నడచును, తక్కువ మాటలాడును. చేప ఎఱను పట్టిన తోడనే రాతి సందులోనికి దూరజూచును. ఆ మొదటి క్షణములలో దారము సడలనీయక దానిని బయటికి మరల్చవలెను. ఒకసారి అది బండ క్రిందికి చేరెనా, దానిని రాబట్టుట దుర్లభము.

ఇట్టి చోట్ల అపాయములును కలవు. నాచు పట్టిన బండ నూనె పూసినదానివలె జాఱును. ఎచటనో ఎగువన వాన కురిసినపుడు, ఇచట ఆకాశము నిర్మలముగా నున్నను, వాగు హఠాత్తుగా పొంగును. జలాశయపు తలుపులు ఎత్తినపుడు దిగువన నీరు వడిగా వచ్చును. మంజీరలో మొసళ్లు కలవు. వానిని, నీటిపక్షులను కాపాడుటకై 1978లో సింగూరునకు దిగువన నదిలో కొంత భాగమును అభయారణ్యముగా ప్రకటించిరి. అందు చేపలు పట్టరాదు. చెఱువులలో చేపల హక్కు సాధారణముగా మత్స్యకారుల సంఘములకు ఉండును. వారి అనుమతి లేక గాలము వేయుట తగదు. గాలము పట్టినవాడు ఈ నియమములను గాలపు ముడి నేర్చుటకు ముందే నేర్వవలెను.

వీటన్నిటికంటె కష్టమైన నియమము ఇంకొకటి కలదు. అది ఏ పలకమీదను వ్రాయబడి యుండదు.

జూన్ 8 ప్రాంతమున మృగశిర కార్తె ప్రవేశించును. ఆనాడు చేపలు తినుట తెలంగాణమున ఆచారము. అంగళ్లలో కొరమీనునకు గిరాకి పెరుగును. సరిగా ఆ వానకాలముననే కొరమీను గ్రుడ్లు పెట్టును. ఆడుచేపయు మగచేపయు జతగూడి, గట్టు దగ్గఱ నాచును తొలగించి గుండ్రని చోటు చేసికొనును. గ్రుడ్లు నీటిపై తేలును. ఒకటి రెండు దినములలో పిల్లలు వెలువడును. ఆ పిల్లలు ఎఱ్ఱగా నుండి, వేలకొలది ఒక్క గుంపుగా తిరుగును. తల్లిదండ్రులు వాని క్రిందనే యుండి, దగ్గఱకు వచ్చిన ప్రతి ప్రాణిపైకిని దుముకును. పిల్లలు పెరిగి నల్లబడి, చెదరిపోవువఱకు కొన్ని వారములు ఈ కావలి సాగును.

అట్టి సమయమున వాగుగట్టున ఒక తాతయు, అతని మనుమడును నిలిచియున్నారనుకొనుడు. బాలుడు నీటివైపు వ్రేలు చూపి, "తాతా, అదిగో, నీటిమీద కుంకుమ చల్లినట్లున్నది!" అనును.

"కుంకుమ కాదు బిడ్డా, కొరమీను పిల్లలు. వాని క్రింద తల్లియు తండ్రియు ఉన్నవి."

"గాలము వేసినచో పడునా?"

"తప్పక పడును. ఇంత సులభముగా మఱెన్నడును పడదు. ఆకలి గొని కాదు. ఎఱను శత్రువని తలచి కఱచును. ఒకదాని వెంట ఒకటి, రెండును పడును."

బాలుడు ఆశతో గాలపుకఱ్ఱను చేతికిచ్చును. తాత దానిని పుచ్చుకొని దారమును చుట్టివేయును.

"ఆ రెండును పోయినచో ఈ పిల్లలకు దిక్కెవ్వరు? పరకలు తినును, కొంగలు తినును, కప్పలు తినును. నేడు రెండు చేపలు తిని, వచ్చు ఏడు ఒట్టిచేతులతో కూర్చుందుమా?"

"మనము వదలినను, రేపు వచ్చువాడు వదలునా తాతా?"

తాత వెంటనే బదులు చెప్పడు. ఈ ప్రశ్నకు సులభమైన సమాధానము లేదు. తుదకు, "వదలకపోవచ్చును. కనబడినచో చెప్పి చూతము. వినకున్నను, ఈ దినము వీనిని చంపినది మనము కాము" అనును. వారిద్దఱును దిగువ మడుగునకు పోవుదురు. చీకటి పడువేళకు రెండు చిన్న జెల్లలు మాత్రమే దొరకును. బాలుని ముఖమున కొంత నిరాశ కనబడును. అది సహజమే.

తాత మాటలలోని సత్యమును మఱియొక విషయము బలపఱచును. బొచ్చె, రోహు వంటి చేపలు పాఱు నదుల వఱదలలోనే గ్రుడ్లు పెట్టును. నిలకడ నీటి చెఱువులలో పెట్టవు. కావున వాని పిల్లలను ఎచటనో పెంచి, ఏటేట చెఱువులలో విడువవలెను. తెలంగాణ ప్రభుత్వము 2016లో ఇట్టి చేపపిల్లలను ఉచితముగా విడుచు పథకము ప్రారంభించినది. కొరమీను అట్లు కాదు. అది తన చెఱువులో తానే వంశమును నిలుపుకొనును. ఒక జతను కాచుకొన్న యెడల, ఏ ఖర్చును లేక, మఱుసటి తరము లభించును.

పండుగప్పకు ఇట్టి కావలి లేదు. లక్షలకొలది గ్రుడ్లను నీటిలో విడిచి పోవును. కాని దానిలో ఒక వింత కలదు. చాలవఱకు ఈ చేప మొదట మగదిగా పెరిగి, కొన్ని ఏండ్లకు ఆడుదిగా మారును. కాన మిక్కిలి పెద్దచేపలు సామాన్యముగా తల్లులే. పెద్దవానినే ఏరి పట్టినచో తల్లులు కొఱవడును. ఐరోపా తీరములందు బాస్ చేపలు తగ్గిపోయినపుడు అచటి వారును ఇట్టి నియమములే చేసికొనిరి. ఐర్లండు 1990లో ఆ చేపను వ్యాపారమునకై పట్టుటను నిషేధించినది. 2015లో ఐరోపా సమాఖ్య, పట్టదగిన చేప కనీసపు పొడవును 36 సెంటీమీటర్ల నుండి 42 సెంటీమీటర్లకు పెంచినది. ఒక్కసారియైనను గ్రుడ్లు పెట్టు అవకాశము ప్రతి చేపకును కలుగవలెనన్నదే దాని ఆశయము.

రాళ్ల నడుమ చేపను పట్టుట ఎఱుకగలవారి పని. నీటి పోకడ, రాతి నీడ, చేప ఊపిరి, దాని ఆకలి, దాని కోపము — ఇవన్నియు తెలిసిననే గాలము ఫలించును. అయితే చేపను గూర్చి అంతగా తెలిసినవానికి, అది ఎప్పుడు మిక్కిలి నిస్సహాయమో కూడ తెలియును. రాయి కొరమీనును వలనుండి కాపాడును. పిల్లలను కాచు దినములలో గాలమునుండి కాపాడుటకు దానికి రాయి చాలదు. ఆ దినములలో దానికి రక్ష, గట్టుపై నిలిచిన మనిషి విజ్ఞతయే.