ఇంటి గోడలు – వాని రంగులు, మన్నిక

గోడకు రంగు వేయుట కేవలము అలంకారముకొఱకే యని పలువురు తలంచుచున్నారు. అందు సగమే సత్యము. మన దేహమునకు చర్మమెట్టిదో గోడకు పూత యట్టిది. వానతేమ, వంటపొగ, పిల్లల జిడ్డుచేతులు, మంచముల రాపిడి – వీనినన్నిటిని ముందుగా సహించునది పూతయే. పండుగ దినములు సమీపింపగానే కుంచె చేతబట్టి తల్లిదండ్రులకు తోడ్పడు విద్యార్థులు మనలో ననేకులు గలరు. కావున ఏ గోడకు ఏ పూత తగునో, ఎందువలన తగునో యిచట విచారింతము.

మొదట చూడవలసినది రంగు కాదు, గోడ. కప్పునుండి నీరు కారుచున్నను, పునాదినుండి తేమ పైకి ప్రాకుచున్నను ఎంత వెలగల రంగైనను నిలువదు. తేమ వెలుపలికి వచ్చునపుడు గోడలోని లవణములను తనతో తెచ్చును. నీరు ఆవిరి కాగా లవణములు పైన మిగులును. దీనినే మనవారు చవుడు పట్టుట యందురు. పూత పొక్కులెక్కి రాలిపోవుటకు తఱచుగా ఇదియే కారణము. కావున ముందు నీటి దారిని మూసి, గోడను పూర్తిగా ఆఱనిచ్చి, పిమ్మట రంగునుగూర్చి యోచింపవలెను. క్రొత్తగా సిమెంటు పూసిన గోడను కనీసము నాలుగు వారములు విడువవలెను. పచ్చి గోడలోని క్షారము నూనెరంగుతో కలిసినచో నూనె సబ్బుగా మాఱి పూత చెడిపోవును.

పూతలలో మనకు చిరపరిచితమైనది సున్నము. సున్నపురాతిని గాని, సముద్రతీరమున దొరకు గుల్లలను గాని బట్టీలో కాల్చినపుడు బొగ్గుపులుసు వాయువు విడిపోయి పొడిసున్నము మిగులును. దానిపై నీరు పోయగా మిక్కిలి వేడి పుట్టును. ఆ సమయమున పిల్లలు దూరముగా నుండవలెను, కన్నులను కాపాడుకొనవలెను. గోడపై పూసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల గ్రహించి రాయిగా మాఱును. ఈ మార్పునకు కొంత తడి, కొంత కాలము కావలెను. ఎండిన గోడపై మండుటెండలో పూసిన సున్నము చేతికంటుటకు హేతువిదియే. గోడను ముందు నీటితో తడిపి, సున్నమును గుడ్డతో వడియగట్టి, పలుచగా రెండు మూడు పూతలు పూయుట మేలు. తడిగా నున్నపుడు తెలుపు కనబడలేదని చిక్కగా పూయరాదు. ఆఱినకొలది తెలుపు తేలును. సున్నము గోడలోని తేమను బయటికి పోనిచ్చును, బూజును అడ్డగించును, వెల తక్కువ. కాని దానిని కడుగుటకు వీలులేదు. ఏటేటనో రెండేండ్లకో మరల వేయవలెను.

డిస్టెంపరు సుద్దపొడిని జిగురుతో కలిపి చేసినది. సున్నముకంటె నునుపుగా నుండును గాని గట్టిగా తుడిచినచో అరుగును. ఎమల్షనులో నీటియందు మిక్కిలి సన్నని జిగురు రేణువులుండును. నీరు ఆవిరియైన పిమ్మట అవి యొండొంటితో కలిసి పలుచని పొరగా నేర్పడును. కావుననే దానిని తడిగుడ్డతో తుడువవచ్చును. సున్నము రాలుచున్న పాతగోడపై దీనిని నేరుగా వేసినచో పొర గోడను కాక ఆ పొడిని పట్టుకొనును. త్వరలోనే పెచ్చులుగా ఊడును. అట్టి గోడను ముందు బాగుగా గీకి శుభ్రపఱుపవలెను.

మెఱుపులేని రంగు గోడలోని ఎగుడుదిగుడులను దాచును గాని మరకలను పట్టుకొనును. కొంచెము మెఱుపుగల రంగు మరకలను విడుచును గాని గోడలోని లోపములను చూపును. కావున పడకగదికి మెఱుపులేనిదియు, వంటయింటికిని పిల్లలు తిరుగు నడవకును కొంచెము మెఱుపుగలదియు తగును. తలుపులకు, కిటికీలకు, ఇనుప ఊచలకు గట్టిపొరగల ఎనామెలు తగును.

ఇక మన్నికకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. పూర్వము సీసముతో చేసిన రంగులకు గొప్ప పేరుండెను. అవి త్వరగా ఆఱును, వానకు ఓర్చును, కాంతి తగ్గవు. కాని సీసము విషము. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున గిబ్సను అను వైద్యుడు పిల్లల సీసవిషమునకు ఇంటిగోడల రంగు, కమ్మీల రంగు కారణమని 1904లో ప్రకటించెను. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ భవనముల లోపలి పనులలో సీసపు తెల్లరంగును, కొన్ని మినహాయింపులతో, నిషేధించు ఒడంబడికను చేసెను. మనదేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2017 నవంబరు 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. సీసము పిల్లల మెదడునకు హాని చేయును. ఇంత మాత్రమైనచో నిరపాయమని చెప్పదగిన మోతాదు ఏదియు తెలియదు.

కావున పాత తలుపుల రంగును పొడిగా గీకరాదు, మంటతో కాల్చరాదు. నీటితో తడిపి గీకి, పెచ్చులను మూటగట్టి తీసివేసి, నేలను తడిగుడ్డతో తుడువవలెను. ఆ సమయమున పసిపిల్లలను, గర్భిణులను ఆ గదిలో నుండనీయరాదు. క్రొత్త రంగు కొనునపుడు డబ్బాపై సీసమునుగూర్చిన మాట చదివి మఱి కొనవలెను.

చివరకు లెక్క. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తుగల గదికి నాలుగు గోడల వైశాల్యము 440 చదరపు అడుగులు. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పుగల తలుపొకటి, 4 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పుగల కిటికీలు రెండు తీసివేయగా 395 మిగులును. లీటరు రంగు రెండు పూతలకు 60 చదరపు అడుగులు వచ్చునని డబ్బాపై నున్నచో 7 లీటర్లు చాలును. వెలనుకూడ ఇట్లే విచారింపవలెను. రెండేండ్లు నిలుచు పూతకు 2,000 రూపాయలును, ఆఱేండ్లు నిలుచు పూతకు 4,800 రూపాయలును అగుననుకొందము. మొదటిదానికి ఏటికి 1,000, రెండవదానికి 800 పడును. ఐనను తేమగోడపై రెండవది ఒక్క వానకాలమునకే ఊడినచో ఈ లెక్క తలక్రిందులగును. అట్టి యింటికి సున్నమే మేలు. మిగిలిన సొమ్ముతో కప్పును బాగుచేయించుట వివేకము.

విద్యార్థులారా! సెలవులకు ఇంటికి పోయినపుడు గోడపై చేయి రాచి చూడుడు. పొడి యంటునా, తేమ తగులునా, పెచ్చు లేచునా గమనింపుడు. పాకెడు తమ్ముడో చెల్లెలో యున్నచో కిటికీ క్రింద రాలిన రంగుపెచ్చులను మొదట మీరే తడిగుడ్డతో తీసివేయుడు; పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనుడు. క్రొత్త రంగు సంగతి ఆ పిమ్మట చూచుకొనవచ్చును.